ఊరంతా రాజులే

(అనువాదాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఒక గ్రంథాలయంలో జరుపుకున్న సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ఇందాక అధ్యక్షులు గారు నన్ను పరిచయం చేస్తూ "కామిక్స్ మీద సుదీర్ఘమైన, గంభీరమైన ప్రసంగం" అన్నారు. నాకు వెన్నులో చలి పుట్టింది. ఎందుకంటే నేను మాట్లాడబోయే ఆస్టెరిక్స్ అనే కామిక్ కథల్లో, ఎవరూ వినని పాటని పట్టుబట్టి వినిపించేవాడొకడు ఉంటాడు. దాదాపు ప్రతి పుస్తకం చివరా వాడి నోట్లో గుడ్డ కుక్కి, చెట్టుకు కట్టేసి, మిగతా ఊరంతా హాయిగా విందుకి కూర్చుంటుంది. ఈ హాలు బయట వేపచెట్టు ఉంది, వచ్చేటప్పుడే చూశాను. (నవ్వులు)

నా చేతికి ఆస్టెరిక్స్ మొదట దొరికింది ఆబిడ్స్‌లో, ఆదివారం పాత పుస్తకాల పేవ్‌మెంటు మీద. అట్ట లేదు, చివరి నాలుగు పేజీలూ లేవు. ఇంటర్ చదువుతున్నాను. బొమ్మలు చూసి నవ్వుకున్నాను, మాటలు సగం అర్థం కాలేదు. అది ఫ్రెంచి పుస్తకమనీ, నేను చదువుతున్నది ఇంగ్లీషు అనువాదమనీ తెలియడానికి ఇంకో అయిదారేళ్ళు పట్టింది. తెలిసిన రోజున మాత్రం ఆశ్చర్యపోయాను. పేజీకి పది శ్లేషలున్న పుస్తకాన్ని ఎవరైనా ఎలా అనువదించగలిగారు? అప్పటినుంచీ నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. దీన్ని తెలుగులోకి తేవాలంటే ఎలా అని అందులో గీకుతూ ఉంటాను. ఈరోజు చెప్పేది ఆ నోటుబుక్కు సంగతే.

తెలియనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. క్రీస్తుపూర్వం 50. ఇప్పటి ఫ్రాన్సు ఉన్నచోట అప్పుడు గాల్ దేశం. జూలియస్ సీజర్ దాన్ని మొత్తం గెలుచుకున్నాడు, సముద్రం ఒడ్డున ఆర్మోరికాలో ఉన్న ఒక్క పల్లెని తప్ప. దాని చుట్టూ నాలుగు రోమన్ శిబిరాలు. అయినా ఊరు లొంగదు. ఊళ్ళో డ్రూయిడ్, అంటే పూజారీ వైద్యుడూ అన్నీ ఆయనే, ఒక కషాయం కాస్తాడు. అది తాగితే కాసేపు ఎక్కడలేని బలం వస్తుంది. పొట్టివాడు, తెలివైనవాడు ఆస్టెరిక్స్. వాడి స్నేహితుడు లావుపాటి ఒబెలిక్స్. వీడు చిన్నప్పుడే ఆ కషాయం గంగాళంలో పడిపోయాడు కాబట్టి వీడికి జీవితాంతం సరిపడా బలం ఉంది, ఇంక తాగనివ్వరు. ఈ సంగతి మా అమ్మకి చెబితే, "మన భీముడే కదరా" అంది. నిజమే. నాగలోకంలో ఎనిమిది రసకుండలు గటగటా తాగేసి వచ్చినవాడికీ వీడికీ బలంలోనే కాదు, ఆకలిలోనూ పోలిక ఉంది. గద బదులు వీడు వీపున ఓ పెద్ద నిలువురాయి మోస్తాడు, అంతే.

ఇక పేర్లు. ఊళ్ళో మగవాళ్ళందరి పేర్లూ "ఇక్స్" అని ముగుస్తాయి. ఇది ఉత్తినే పెట్టిన తోక కాదు. సీజర్ తన యుద్ధాల గురించి తానే రాసుకున్న పుస్తకంలో గాల్ నాయకుల పేర్లు కనిపిస్తాయి: ఒర్జెటొరిక్స్, దుమ్నొరిక్స్, అంబియొరిక్స్. అందరిలోకీ పెద్దవాడు వెర్సింజెటొరిక్స్. గాల్ భాషలో "రిక్స్" అంటే ఏమిటో తెలుసా? రాజు. లాటిన్‌లో రాజుని "రెక్స్" అంటారు, సంస్కృతంలో "రాజన్". మూడూ ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. వెర్సింజెటొరిక్స్ అంటే యోధులందరికీ పెద్ద రాజు అని. మన తెలుగులో "రాజు" సంస్కృతం నుంచి వచ్చిందే కాబట్టి, దూరపు చుట్టరికంతో మనం కూడా ఆ పేర్లకి బంధువులమే.

అయితే అసలు చరిత్రలో రిక్స్ అన్నది పెద్దింటివాళ్ళ పేర్లలో ఉండేది. ఈ కామిక్‌లో కమ్మరీ రిక్సే, చేపలమ్మేవాడూ రిక్సే, కుక్కపిల్లా రిక్సే. అంటే ఊరంతా రాజులే! అందుకే ఎవడూ ఎవడి మాటా వినడు. కమ్మరి "నీ చేపలు కుళ్ళిపోయాయి" అంటాడు, చేపలవాడు చేపతోనే కొడతాడు, అయిదు నిమిషాల్లో ఊరంతా వీధిలో పడి కొట్టుకుంటుంది. ఎందుకు కొట్టుకుంటున్నారో ఎవరికీ గుర్తుండదు. మనకి కొత్తా ఇది?

ఇక్కడే నాకు మొదటి చిక్కు వచ్చింది. తెలుగు అజంత భాష. ప్రతి మాటా అచ్చుతో ముగియాలని నాలుక కోరుకుంటుంది. "ఇక్స్" అనే తోక తగిలిస్తే పేరు మందుల షాపులో సీసా పేరులా ఉంటుంది. చాలా రోజులు తల పట్టుకున్నాక వెలిగింది: రిక్స్ అంటే రాజే అయినప్పుడు "రాజు" అనే పెట్టేస్తే పోలా? ఇది నా గొప్పేం కాదు, ఐస్‌లాండువాళ్ళు ఎప్పుడో చేశారు. వాళ్ళ ఒబెలిక్స్ పేరు "స్టెయిన్‌రీకుర్". స్టెయిన్ అంటే రాయి. ఆ "రీకుర్" కూడా ఈ రాజు మాటకి చుట్టమే.

ఇక నా నోటుబుక్కు పేర్లు వినండి. కర్ణకఠోరంగా పాడే గాయకుడు: అపశ్రుతిరాజు. డ్రూయిడ్: కషాయరాజు. చేపలు అమ్మేవాడు... వీడి తమాషా ఏమిటంటే సముద్రం పక్కనే ఉన్నా చేపలు పట్టడు, ఎక్కడో లుటీషియా నుంచి, అంటే ఇప్పటి పారిస్ నుంచి, ఎడ్లబండి మీద తెప్పిస్తాడు. అవి ఊరు చేరేసరికి ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. ఫ్రెంచిలో వీడి పేరుకి "అక్షరక్రమం" అని అర్థం, వాసనతో సంబంధమే లేదు. ఇంగ్లీషువాళ్ళు "అన్‌హైజీనిక్స్" అన్నారు, అసలుకన్నా బాగుంది. నేను "నీచురాజు" అన్నాను. (నవ్వులు) నీచు వాసనా వచ్చింది, తిట్టూ వచ్చింది. ఊళ్ళో తొంభై దాటిన ముసలాయన ఒకడున్నాడు, పడుచు పెళ్ళాం. ఆయన "పండురాజు". పండు ముసలి కాబట్టి. మొదటి అక్షరానికి దీర్ఘం లేదు, జాగ్రత్త. ఆ ఇంకో రాజుగారికి భార్యల దగ్గరికి వెళ్తే ఏమైందో మీకందరికీ తెలుసు.

ఒబెలిక్స్ వెంట తిరిగే కుక్కపిల్ల ఫ్రెంచిలో ఇదెఫిక్స్, అంటే మనసులో నాటుకుపోయి వదలని ఒకే ఆలోచన. ఇంగ్లీషులో డాగ్మాటిక్స్. కుక్కా ఉంది, మొండితనమూ ఉంది. ఆ ఇంగ్లీషు అనువాదకులు ఇద్దరు, ఆంథియా బెల్, డెరెక్ హాక్రిడ్జ్. ఆంథియా బెల్ తండ్రి లండన్ టైమ్స్ పత్రికకి మొట్టమొదటి పదకేళీ కూర్చినాయన. ఆవిడకి శ్లేషలు ఉగ్గుపాలతో వచ్చాయన్నమాట. మన కుక్కపిల్లకి నేను పెట్టింది "మంకురాజు". డాగ్మాటిక్స్ ముందు ఇది వెలవెలబోతుందని నాకు తెలుసు. మీలో ఎవరికైనా ఇంకోటి తోస్తే సభయ్యాక చెప్పండి, టీ నా ఖర్చు.

రోమన్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం తెలుగు రెచ్చిపోయింది. లాటిన్‌లో మగపేర్లు "ఉస్" అని, వస్తువుల పేర్లు "ఉమ్" అని ముగుస్తాయి. మనం చిన్నప్పుడు బెంచీ ఎక్కి వల్లించింది ఏమిటి? డు, ము, వు, లు ప్రథమా విభక్తి! "ఉస్" అంటే మన డు, "ఉమ్" అంటే మన ము. ఊరి చుట్టూ ఉన్న నాలుగు శిబిరాల పేర్లు ఫ్రెంచిలో బాబావోరుమ్, అక్వేరియుమ్, లోదనుమ్, పెతీబోనుమ్. మొదటిది రమ్ములో నానబెట్టిన ఒక కేకు పేరు. మనకి ఇంత కష్టం ఎందుకు? పేరు చివర సున్నా పెడితే చాలు, ఊరైపోతుంది. భీమవరం, పిఠాపురం ఎలాగో, అలాగే నా నాలుగు శిబిరాలు: పాయసం, అజీర్ణం, లంఖణం, విరేచనం. (పెద్దగా నవ్వులు) అదే వరసలో, తూర్పు నుంచి పడమరకి.

అన్నీ ఇలా కలిసి రావు. ఆస్టెరిక్స్ బ్రిటన్ వెళ్ళే పుస్తకం ఉంది, 1966లో వచ్చింది. అందులో బ్రిటన్‌వాళ్ళు మాట్లాడే ఫ్రెంచి ఇంగ్లీషు వాక్యంలా ఉంటుంది. ఫ్రెంచిలో సాధారణంగా నామవాచకం ముందు, విశేషణం తర్వాత. వీళ్ళు తిరగేసి, "కషాయం మాయ" అనాల్సిన చోట "మాయ కషాయం" అంటారు. ఒబెలిక్స్ "వీడు తిరగేసి మాట్లాడతాడేంటి" అని బిక్కమొహం వేస్తాడు. తెలుగులోకి తెస్తే? మనం పుట్టినప్పటినుంచీ మాయ కషాయం అనే అంటాం. జోకు అక్కడికక్కడే చచ్చిపోయింది.

పాత నాటకాల్లో దొర మాట్లాడే తెలుగు పెడితే సరిపోతుందని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. ఆ హాస్యం ఉచ్చారణ మీద. ఇక్కడ హాస్యం వాక్యం మీద. చివరికి మందు మన ఇంట్లోనే దొరికింది. టీవీలో డబ్బింగ్ కార్టూన్లు వింటున్నారు కదా! "ఓ నా మంచితనమా! ఇది ఒక మంచి ఉదయం, ఇది కాదా?" అని పిల్లలు ఇంట్లో కూడా అంటున్నారు. అచ్చంగా అదే కావాలి నాకు. ఫ్రెంచి మూలంలో కూడా చేసింది ఇదే, ఇంగ్లీషు నుడికారాన్ని మాటకి మాట పెట్టడం. చేతులు కలుపుదాం అనేదాన్ని "చేతులు ఊపుకుందాం" అంటాడు బ్రిటన్ బంధువు. ఒబెలిక్స్ సరేనని చెయ్యి పట్టుకుని ఊపితే ఆయన మనిషంతా గాల్లో ఎగురుతాడు. అనువాదకులం మనం జీవితమంతా ఏ తప్పు చెయ్యకూడదని జాగ్రత్త పడతామో, ఆ తప్పుని పుస్తకం నిండా, జీతం తీసుకుని మరీ చెయ్యొచ్చు. నాకింతకన్నా ఆనందం లేదు.

కొన్నిచోట్ల ఓడిపోవాలి. ఈ పుస్తకాల్లో ఒక సముద్రపు దొంగల ముఠా ఉంది, ప్రతిసారీ పాపం వాళ్ళ ఓడ మునుగుతుంది. ఒకసారి మునిగాక తెప్ప మీద వాళ్ళు పడి ఉన్న తీరు జెరికో అనే చిత్రకారుడి ప్రసిద్ధ చిత్రానికి నకలు. 1819 నాటి ఆ చిత్రంలోని తెప్ప మీదవాళ్ళు దిగివచ్చిన ఓడ పేరు మెదూజ్. దొంగల నాయకుడు ఫ్రెంచిలో "మెదూజె" అంటాడు, నోట మాట రావడం లేదని. ఓడ పేరు కలిసొచ్చింది. ఇంగ్లీషులో "ఫ్రేములో బిగించేశార్రా, జెరికో సాక్షిగా" అనే అర్థం వచ్చేలా చిత్రకారుడి పేరు కలిపారు. నేను ఆ పేజీ దగ్గర మూడు వారాలు కూర్చుని, చివరికి ఖాళీ వదిలేశాను.

ఓటమి మాట వచ్చింది కాబట్టి, ఈ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి చెప్తాను. క్రీ.పూ. 52లో వెర్సింజెటొరిక్స్ జెర్గోవియా దగ్గర సీజర్‌ని ఓడించాడు. అదే ఏడు అలేసియా కోటలో ముట్టడికి చిక్కి లొంగిపోయాడు. ఆరేళ్ళు రోములో బందీ. 46లో సీజర్ విజయోత్సవంలో ఊరేగించి చంపేశారు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సు ఈయన్ని తవ్వి తీసి జాతి వీరుణ్ణి చేసుకుంది. చక్రవర్తి మూడో నెపోలియన్ 1860ల్లో అలేసియా ఇక్కడే అని బర్గండీ ప్రాంతంలో తవ్వకాలు జరిపించి, 1865లో కొండ మీద పెద్ద విగ్రహం పెట్టించాడు. ఆ విగ్రహం మొహం చక్రవర్తి మొహంలాగే ఉంటుంది, డబ్బులిచ్చేది ఆయనే కదా. తర్వాత బళ్ళలో ప్రతి పిల్లవాడి చేతా "మన పూర్వీకులు గాల్ జనం" అని చదివించారు. ఆఫ్రికాలోని వలస రాజ్యాల్లో నల్లపిల్లల చేత కూడా.

ఇప్పుడు 1968లో వచ్చిన పుస్తకం చూడండి. వెర్సింజెటొరిక్స్ డాలు ఎక్కడో పోయింది, మనవాళ్ళు ఒవెర్న్ ప్రాంతంలో దాన్ని వెతుకుతారు. అక్కడ ఎవర్ని కదిపినా జెర్గోవియా గెలుపు గురించి గంటలు గంటలు చెప్తారు. "మరి అలేసియా?" అని అడగండి. అంతే. మొహం ఎర్రబడుతుంది, గొంతు పెరుగుతుంది. "ఏ అలేసియా? అలేసియా ఎక్కడుందో ఇక్కడ ఎవడికీ తెలీదు!" పైకి ఇది ఊళ్ళోవాళ్ళ రోషం మీద జోకు. కింద ఇంకోటి ఉంది: ఆ పుస్తకం వచ్చే రోజుల్లో పండితులు నిజంగానే అలేసియా బర్గండీలో ఉందా, జూరా కొండల్లో ఉందా అని కొట్టుకుంటున్నారు. దానికింద మూడోది ఉందని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. ఈ కథ జరిగే ప్రాంతంలోనే, వేడినీటి ఊటలకి పేరుపడ్డ విషీ పట్టణం ఉంది. కథలో ఊరిపెద్ద తిని తిని లివర్ పాడుచేసుకుని పథ్యానికి వెళ్ళేది అక్కడికే. 1940 నుంచి 44 దాకా జర్మన్లకి లొంగి పనిచేసిన ఫ్రెంచి ప్రభుత్వం కూర్చున్నదీ అక్కడే. యుద్ధమయ్యాక ప్రతి కుటుంబమూ మా నాన్న ప్రతిఘటనలో పోరాడాడు అనేదే. లొంగిపోయినవాళ్ళు ఎక్కడున్నారంటే ఎవరికీ తెలీదు. అలేసియా ఎక్కడో తెలియనట్టే.

ఇది రాసిందెవరు? బొమ్మలు వేసిన అల్బేర్ యుదెర్జో ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టాడు. రోమన్లని చెప్పులెగిరిపోయేలా కొట్టించిన చెయ్యి రోమన్ల వారసుడిదే! పైగా ఆయనకి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు. కథలు రాసిన రెనే గోసినీ 1926లో పారిస్‌లో పుట్టిన యూదు. పెద్దలు పోలండ్, ఉక్రెయిన్‌ల నుంచి వచ్చినవాళ్ళు. పెరిగింది అర్జెంటీనాలో. ఫ్రాన్సులో ఉండిపోయిన మేనమామలు నాజీ క్యాంపుల్లో చనిపోయారు. ఇద్దరివీ బయటి నుంచి వచ్చిన కుటుంబాలే. గోసినీ తల్లి తరపువాళ్ళకి పారిస్‌లో ప్రెస్సు ఉండేది, అచ్చక్షరాల మధ్య తిరిగిన ఇల్లు. ఆస్టెరిక్స్ పేరు పుస్తకంలో వేసే చిన్న నక్షత్రం గుర్తు, ఆస్టెరిస్క్, నుంచి వచ్చింది, ఒబెలిక్స్ కూడా అలాంటి అచ్చు గుర్తు పేరే. గ్రీకులో మూలార్థం మాంసం కాల్చే ఊచ అట. పందుల్ని ఊచకి గుచ్చి తినేవాడికి ఇంతకన్నా ఏం పేరు కావాలి?

వీళ్ళిద్దరూ 1959 వేసవిలో పారిస్ పక్కన బొబిన్యీలో, యుదెర్జో ఫ్లాట్‌లో కూర్చుని, కొత్త పత్రిక కోసం హడావిడిగా ఇదంతా పుట్టించారు. మొదట నక్క కథ ఏదో వేద్దామనుకున్నారు, అది అప్పటికే ఇంకొకరు వేస్తున్నారని తెలిసి వదిలేశారు. అక్టోబరు 29న పత్రిక మొదటి సంచిక వచ్చింది. 1961లో మొదటి పుస్తకం ఆరు వేల ప్రతులు. ఆ తర్వాత లెక్క కోట్లలో, ముప్ఫై అయిదు కోట్లు దాటింది. భాషలు, మాండలికాలు కలిపి వందకు పైగా. హిందీలో ఉంది, బెంగాలీలో ఎప్పటినుంచో ఉంది. 1965లో ఫ్రాన్సు పంపిన మొదటి ఉపగ్రహం పేరు కూడా ఆస్టెరిక్సే.

చరిత్ర ఎంతవరకు నిజం అంటారా? నిలువురాళ్ళు గాల్ జనానికి వేల ఏళ్ళ ముందువి, ఒబెలిక్స్ వ్యాపారం పూర్తిగా అబద్ధం. అడవిపందులు కూడా వాళ్ళు అంతగా తినలేదు, ఎముకలు తవ్వి చూస్తే ఎక్కువగా పెంపుడు జంతువులే. బంగారు కొడవలితో బదనిక కోసే డ్రూయిడ్ మాత్రం ప్లినీ అనే రోమన్ రచయిత వర్ణించినవాడే. సీజర్ ఇంకో మాట రాశాడు: డ్రూయిడ్లు తమ విద్యని రాతలో పెట్టరు, కొందరు శిష్యులు ఇరవై ఏళ్ళు కూర్చుని నోటితోనే నేర్చుకుంటారు అని. చదివినప్పుడు మన వేదపాఠశాలలు గుర్తొచ్చాయి. "ఆకాశం నెత్తిన పడుతుందేమో అన్న ఒక్క భయమే మాది" అనే ఊతమాట కూడా పాతదే, అలెగ్జాండరుకి కెల్ట్ దూతలు అలా చెప్పారని గ్రీకులు రాసుకున్నారు.

అసలు ఆర్మోరికాలో జరిగింది నవ్వే విషయం కాదు. క్రీ.పూ. 56లో అక్కడి వెనెటీ జాతిని సీజర్ సముద్రం మీద ఓడించి, పెద్దలందర్నీ చంపించి, మిగతావాళ్ళని బానిసలుగా అమ్మేశాడు. గాల్ యుద్ధాల్లో పది లక్షల మంది చచ్చారని గ్రీకు రచయిత ప్లూటార్క్ లెక్క. కామిక్‌లో ఒక్కడు చావడు. పన్ను ఊడుతుంది, కన్ను వాస్తుంది, చెప్పులు నేల మీదే ఉండి మనిషి ఆకాశంలోకి పోతాడు, మళ్ళీ తర్వాతి పేజీలో మూలుగుతూ కనిపిస్తాడు. మేనమామల్ని క్యాంపుల్లో పోగొట్టుకున్నవాడు సైన్యాల కథ ఇలా రాశాడని తెలిశాక నేను ఆ పేజీలు మునుపటిలా చూడలేకపోయాను.

గోసినీ 1977 నవంబరులో, యాభై ఒక్క ఏళ్ళకి, డాక్టరు దగ్గర గుండె పరీక్ష చేయించుకుంటూ పోయాడు. బెల్జియం కథ సగంలో ఉంది. మిగతా బొమ్మల్లో యుదెర్జో ఆకాశం మబ్బు పట్టించి వాన కురిపించాడు. కథకి ఆ వానతో పనిలేదు. పదేళ్ళ తర్వాత యుదెర్జో ఒక్కడే రాసి గీసిన కథలో మనవాళ్ళు మన దేశం వస్తారు, ఎగిరే తివాచీ ఎక్కి గంగ ఒడ్డుకి. అక్కడ వానల్లేవు, వెయ్యిన్నొక్క గంటల్లో పడకపోతే రాకుమారిని బలిస్తారు. అపశ్రుతిరాజు పాడితే ఎక్కడైనా వాన పడుతుందని వాణ్ణి తీసుకొస్తారు. దారిలో వాడి గొంతు పోతుంది. గొంతు రావడానికి ఏనుగు పాలు, పేడ, వెంట్రుకలు కలిపి స్నానం చేయించాలంటారు. వాడి పాట కావాలని జనం అడిగిన అరుదైన సందర్భాల్లో ఇదొకటి.

వెనక నుంచి ఎవరో చెయ్యి ఊపుతున్నారు, భోజనాలు సిద్ధమట. సంచాలకులు గారి చేతిలో తాడులాంటిది కూడా కనిపిస్తోంది, మైకు వైరే అనుకుంటాను. కూర్చుంటున్నాను. కుక్కపిల్ల పేరు మాత్రం మర్చిపోకండి.

(చప్పట్లు)